నాచాకులో నడిచే తోవ

బక్కయ్య నరసరావుపేటలో ఒక హైస్కూలు జవాను. గంట కొట్టేవాడు, బల్లలు తుడిచేవాడు, కుండల్లో నీళ్లు నింపేవాడు. ఆ పనులకు ఎవడైనా సరిపోతాడు. ఇంకెవడికీ చేతకాని పని ఒకటుంది. ఏటా మార్గశిరంలో, జీవకణం పాఠం వచ్చే వారానికి, నాచు తెచ్చేవాడు.

నాచు ఎక్కడైనా దొరుకుతుంది. అయితే ఊరి పక్క కాలవల్లో పెరిగే నాచుకు బురద పట్టి ఉంటుంది. పిడుగురాళ్లలో సున్నపురాయి తీసి వదిలేసిన గుంటలున్నాయి. వానలు వెనకపట్టాక వాటిలో నీళ్లు అద్దంలా తేరుకుంటాయి. ఆ నీళ్లలో పెరిగే నాచుతీగ ఆకు ఎంత పల్చనిదంటే, వేలిమీద వేసుకుంటే వేలిగీతలు లెక్కపెట్టొచ్చు. బక్కయ్య పుట్టింది ఆ గుంటల పక్కనే, సున్నపు బట్టీ పనివాళ్ల ఇళ్లలో. శనివారం ఇంటికెళ్లి, గుంటలో మోకాలి లోతు దిగి, తీగల కొసలు గిల్లి, స్కూలు గాజుసీసాలో ఆ గుంట నీళ్లే నింపుకుని సోమవారానికి తెచ్చేవాడు.

సైన్సు చెప్పే శివరామయ్య పంతులు మద్రాసులో చదివి వచ్చినాయన. ఎవరో దొర దానమిచ్చిన ఇత్తడి సూక్ష్మదర్శిని స్కూల్లో ఒకటుంటే, మొదటి ఏడు దాని కింద నాచాకు పెట్టి గంటసేపు చూశాడు. పుస్తకంలో రాసినట్టు ఏదీ కదల్లేదు. విసుక్కుని కాఫీకి వెళ్లిపోయాడు. బక్కయ్య గది ఊడుస్తున్నాడు. ఈలోగా కిటికీ ఎండ జరిగి జరిగి బల్ల మీదికొచ్చి, ఆకున్న గాజుపలకను వెచ్చచేసింది. ఎవరూ లేరు గదాని బక్కయ్య చీపురు కింద పెట్టి, గొట్టానికి కన్ను ఆనించాడు.

ఇటుకలు పేర్చినట్టు గదులు. ప్రతి గదిలోనూ గోడవారన పచ్చటి గింజలు. ఆ గింజలు నడుస్తున్నాయి. ఒకదాని వెనక ఒకటి, తొందర లేకుండా, మూల దగ్గర ఒద్దికగా తిరిగి, గోడ చుట్టూ పోయి మళ్లీ మొదటికి వస్తున్నాయి. బట్టీ మీదికి తట్టలు మోసే ఆడవాళ్ల వరస అచ్చం అట్లాగే ఉంటుంది. ఎక్కేది ఒక వైపు, దిగేది ఒక వైపు, ఒకరినొకరు దాటుకోరు.

బక్కయ్య కాఫీ హోటలు దాకా పరిగెత్తాడు. శివరామయ్య వచ్చి చూసి, చాలాసేపు కన్ను తీయలేదు.

"ఎండలో పెట్టాలన్నమాట. మాకెవడూ చెప్పలేదు," అన్నాడు.

"ఆ గింజలు ఏడికి పోతన్నయి పంతులుగారూ?"

"గింజలు పోవట్లేదు బక్కయ్యా. వాటికి కాళ్లు లేవు. గోడవారన గంజిలాంటిది ఉంటుంది, జీవద్రవ్యం అంటారు. కదిలేది అది. గింజలు దాంట్లో పడి పోతున్నాయి."

"అంటే నడిచేది మనుషులు కాదు, తోవే."

శివరామయ్య తలెత్తి చూశాడు. "అంతే. ఎండ తగిలితే ఆ గింజ చక్కెర చేస్తుంది. అది గదిలో అన్ని మూలలకూ అందాలి గదా. ఆ తోవ నడుస్తుంటేనే అందుతుంది."

"తోవను నడిపేది ఎవురు?"

"తెలియదు."

"పెద్దపెద్దోళ్లకు గూడానా?"

"పెద్దవాళ్లక్కూడా."

పరీక్షలో ఇది రెండు మార్కుల ప్రశ్న. పిల్లలు ఇటుకల బొమ్మ గీసి, బాణం గుర్తులు పెట్టి, మార్కులు వేయించుకుని మర్చిపోతారు. బక్కయ్యకు మార్కుల బాధ లేదు కాబట్టి ఆ సాయంత్రం దాకా అక్కడే కూచున్నాడు. గింజల నడక మందగించింది. ఒక గదిలో ఆగింది. పక్క గదిలో ఆగింది. చివరికి అన్ని గదుల్లోనూ గింజలు ఎక్కడివక్కడ నిలబడ్డాయి. పచ్చదనం పోలేదు, గోడలు చెదరలేదు. నడక ఒక్కటే లేదు.

"ఎవురన్నా ఏమన్నా చేశారా పంతులుగారూ?"

"ఎవరేం చేస్తారు? దాని తిరుగుడు అయిపోయింది, ఆగింది."

ఆ మాటను బక్కయ్య పదిలంగా దాచుకున్నాడు. ఇంటి దగ్గర రోశమ్మకు కావలసిన మాట అది.

రోశమ్మ బక్కయ్య భార్య. బక్కయ్యకు ముప్పయ్యో ఏట సున్నపు దుమ్ముకు దగ్గు పట్టుకుని, ఎవరో చెబితే ఈ జవాను పని దొరికింది. రోశమ్మ మాత్రం బట్టీ వదిలి నరసరావుపేట రానంది. పిల్లను మట్టిలో పెట్టిన చోటు విడిచి రానంది.

పిల్ల పేరు తిరుపతమ్మ. ఒక్కతే. ఐదో ఏట వాంతులూ భేదులూ పట్టుకున్నాయి. ఆ వారం బట్టీల దగ్గర నలుగురికి పట్టుకుని, ముగ్గురు పోయారు. పిల్లలకు కడుపు చెడితే అక్కడివాళ్లు సున్నపు తేట పోస్తారు. సున్నం నీళ్లలో కలిపి, అడుక్కు దిగాక పైన నిలిచే నీళ్లు. రోశమ్మను చిన్నప్పుడు దాంతోనే బతికించారు. రోశమ్మ మూడుసార్లు పోసింది. మూడోసారి పోసి గిన్నె కింద పెట్టేసరికి పిల్ల లేదు.

పిల్ల తల ఒళ్లో ఉండగానే పక్కింటి వీరరాఘవమ్మ గిన్నె వంక చూసి, "అంత ఘాటు తేట పోశావేందే పసిదానికి," అంది. చెడ్డ మనిషేం కాదు. నోటికొచ్చింది, అనేసింది. మర్నాటికి తనే అన్నం వండి తెచ్చింది. తనేమన్నదో తనకే గుర్తుండి ఉండదు.

రోశమ్మకు గుర్తుంది. ఏడవలేదు, ఎవరినీ తిట్టలేదు. ఎప్పుడైనా ఏడాదికోసారి, అన్నం పెడుతూ పెడుతూ అడిగేది.

"ఏమయ్యా, నేనేనా?"

"కాదే," అనేవాడు బక్కయ్య.

"నీకెట్టా తెలుసు?"

ఆ ప్రశ్నకు జవాబు నాచాకు చూశాక దొరికింది. వెళ్లి చెప్పాడు. దానంతటదే తిరుగుతుందే, దానంతటదే ఆగుతుంది, ఎవురూ ఏం చేయరు. మన పిల్లకు గూడా అదే అయింది. రోశమ్మ విన్నది. వక్కాకు మడిచి నోట్లో పెట్టుకుని, "నాకు చూపెట్టు," అంది.

చూపించడం ఎట్లా? బట్టీ ఆడమనిషిని తెచ్చి స్కూలు గదిలో కూచోబెట్టి అంత ఖరీదైన సామాను ముట్టిస్తే జవాను ఉద్యోగం ఉంటుందా? ఈ ఏడు కాదు, వచ్చే ఏడు అనుకుంటూ నాలుగేళ్లు గడిపాడు.

నాలుగో ఏడు వేసవిలో కాలిన సున్నానికి నీళ్లు పోసి చల్లారుస్తుంటే తొట్టి పొంగి రోశమ్మ ముఖాన పడింది. ఎడమ కన్ను అప్పుడే పోయింది. కుడి కంట్లో మచ్చ మొదలై పాలమీగడలా పరుచుకుంటూ వచ్చింది. గుంటూరు డాక్టరు చూసి, వచ్చే ఎండాకాలానికి వెలుగూ చీకటీ తప్ప ఏమీ తెలియవన్నాడు. అప్పటికింకా దగ్గరికి తెచ్చుకుంటే సూదిలో దారం ఎక్కించగలుగుతోంది.

ఇక ఆగితే లాభం లేదు. బక్కయ్య శివరామయ్య ముందు నిలబడి పిల్ల సంగతీ, తేట సంగతీ లేకుండా మిగతాదంతా చెప్పాడు. "కళ్లు పోయేలోపు ఒక్కసారి చూస్తానంటంది," అన్నాడు.

"ఆదివారం తీసుకురా. హెడ్మాస్టరుకు నేను చెప్పుకుంటాను," అన్నాడు శివరామయ్య.

శనివారం బక్కయ్య వెళ్లి నాచు కోసి, ఆమెను వెంటబెట్టుకు రావాలి. కానీ సోమవారం ఇన్‌స్పెక్టరు వస్తున్నాడని హెడ్మాస్టరు అతన్ని కదలనివ్వలేదు. గోడలకు వెల్ల వేయించాలి. బక్కయ్య పిడుగురాళ్ల బస్సు నడిపే మౌలాలీ దగ్గరికి పరిగెత్తాడు, అతను రోశమ్మను అక్కా అని పిలుస్తాడు. యుద్ధం రోజులు, పెట్రోలు లేక బస్సుల వెనక బొగ్గు పొయ్యి కట్టుకుని నడిపేవాళ్లు. మౌలాలీ పొయ్యిలో బొగ్గు ఎగదోస్తున్నాడు.

"మౌలాలీ, మీ అక్కకు చెప్పు. రేపు పొద్దున బస్సుకు రమ్మను. గుంటలో నాచు కొసలు నాలుగు గిల్లుకుని, ఆ నీళ్లలోనే పెట్టి తెమ్మను."

"నాచా? జీతం చాలక గడ్డి తింటన్నావా బావా?"

"చెప్పరా అయ్యా."

"చెప్తాలే. బస్సు నడిస్తే అక్క వస్తది, ఆగితే నాచుతో సహా తోసుకుంటా వస్తది."

బక్కయ్య చెప్పవలసింది ఇంకొకటుంది. దేంట్లో తేవాలో చెప్పలేదు. తనెప్పుడూ గాజుసీసాలో తెచ్చేవాడు, ఆ సీసా స్కూల్లోనే ఉంది. అది అతనికి తోచలేదు.

ఆదివారం పదకొండింటికి రోశమ్మ బస్సు దిగింది. ఉతికిన చీర, తలకు నూనె, చంకలో కొత్త కుండ, దాని మీద మూత, మూత మీద తడిగుడ్డ. మౌలాలీ దిగి కుండ పట్టుకోబోతే ఇవ్వలేదు.

"నీ చేతి బొగ్గు అంటుద్ది, జరుగు."

"దార్లో మూడుసార్లు బస్సు తోశాం బావా. మూడుసార్లూ అక్క కుండను ఒళ్లోంచి దించలా. లోపల బంగారముందని జనమంతా నన్నడగటమే."

గదిలో శివరామయ్య కిటికీలన్నీ తెరిచి ఉంచాడు. రోశమ్మ గుమ్మం బయటే కాళ్లు కడుక్కుని, లోపలికొచ్చి గోడకు ఆనుకుని నిలబడింది. ఆయన కుర్చీ చూపిస్తే కూచోలేదు.

"ఇట్టా రా అమ్మా. గుంట నాచేనా?"

"గుంటదే అయ్యగారూ. పొద్దున్నే దిగి కోశా."

శివరామయ్య ఒక కొస తీసి, లేత ఆకు తుంచి, గాజుపలక మీద పెట్టి, కుండలోదే ఒక చుక్క నీరు వేసి, పైన పల్చటి గాజుబిళ్ల మూశాడు. కాసేపు ఎండలో ఉంచి గొట్టం కింద పెట్టి చూశాడు. మళ్లీ ఎండలో పెట్టాడు.

"మొదట్లో ఇంతేనే. వెచ్చపడాల," అన్నాడు బక్కయ్య.

"పడనీ," అంది రోశమ్మ.

ఇంకో పావుగంట గడిచింది. ఇంకో ఆకు మార్చాడు. ఎండలో పెట్టాడు. బక్కయ్య చూశాడు. ఇటుకలున్నాయి, గింజలున్నాయి. ఒక్క గదిలో కూడా నడక లేదు. గోడవారన వరసగా ఉండాల్సిన గింజలు మధ్యలో ముద్దగట్టి ఉన్నాయి.

"నన్ను చూడనీయయ్యా," అంది రోశమ్మ. వంగి, కుడి కన్ను ఆనించింది. కొంగు జారి బల్ల మీద పడ్డా సర్దుకోలేదు. ఊపిరి బిగబట్టి చూసింది.

"పచ్చగానే ఉన్నయి."

"ఉంటయ్యే. కాసేపట్లో కదుల్తయి."

శివరామయ్య మూడో ఆకు తుంచబోయి ఆగాడు. వేళ్లు ఒకదానికొకటి రాసుకున్నాడు. మళ్లీ కుండలో ముంచి రాసుకున్నాడు. "ఈ నీళ్లేంటి, జారుతున్నాయి?" అని కుండను వెలుతురుకు వంచాడు. లోపల అడుగు నుంచి మెడ దాకా తెల్లగా, కొత్తగా పూసిన సున్నం.

బట్టీల దగ్గర మర్యాద అది. చుట్టాలొస్తున్నా, పెళ్లివారొస్తున్నా, కొత్త కుండకు లోపల సున్నం పూసి నీళ్లు పోస్తారు. పురుగు చేరదని, నీళ్లు తేటగా ఉంటాయని. పంతులుగారి ముందుకు తెచ్చే నీళ్లని రోశమ్మ శనివారం రాత్రే కుండకు పూసి ఆరబెట్టింది.

బక్కయ్య కుండలోకి చూసి, శివరామయ్య వంక చూసి, తల అడ్డంగా ఊపాడు. శివరామయ్యకు ఆ ఊపు అర్థం కాలేదు. ఆయనకు పిల్ల సంగతి తెలియదు గదా. పాఠంలో సంగతి చెప్పినట్టే చెప్పాడు.

"సున్నపు నీళ్లలో పెట్టావా తల్లీ? ఇంకేం తిరుగుతాయి. సున్నం లోపలికి పోయి చంపేసింది."

రోశమ్మ గొట్టం మీంచి కన్ను తీయలేదు. అట్లాగే వంగి ఉంది. చాలాసేపు ఉంది. బక్కయ్య భుజం మీద చెయ్యి వేస్తే, "ఆగవయ్యా, సరిగ్గా చూడనీ," అంది.

తర్వాత నిలబడి, కొంగు సర్దుకుని, శివరామయ్యకు దండం పెట్టింది. "చల్లగా ఉండండి అయ్యగారూ. చానాకాలంగా తెలవకండా ఉంది. తెలిసింది."

కుండను అక్కడే వదిలేసి బయటికి నడిచింది. ఆయన "బాగా చూసిందా?" అని బక్కయ్యను అడిగాడు.

సోమవారం ఇన్‌స్పెక్టరు వెళ్లిపోయాక బక్కయ్య మిగిలిన సంగతి చెప్పాడు. శివరామయ్య అంతసేపూ సుద్దముక్కను చేత్తో నలుపుతూనే ఉన్నాడు. "ముందే చెప్పొద్దుటయ్యా," అన్నాడు. ఆ తర్వాత గడగడా చెప్పాడు. ఆకు వేరు, పిల్ల వేరు. ఆకు పొద్దుటి నుంచీ సున్నంలోనే మునిగుంది. పిల్ల కడుపులో పులుపు ఉంటుంది, ఆ కాస్త తేట అక్కడికక్కడే విరిగిపోతుంది. ఆ వారం పోయిన మిగతా ఇద్దరూ పెద్దవాళ్లు, వాళ్లకెవరు పోశారు తేట? జబ్బు చంపింది. "వెళ్లి ఇట్లాగే చెప్పు. నేనొచ్చి చెప్పమన్నా చెబుతాను."

బక్కయ్య శనివారం వెళ్లి ఒక్క ముక్క పోకుండా చెప్పాడు. రోశమ్మ బియ్యంలో రాళ్లు ఏరుతోంది, చేత్తో తడిమి.

"పంతులుగారు మంచోడు. ఆయన చెప్పింది నిజమే అయ్యుండొచ్చు," అంది.

"మరి?"

"ఇది నువ్వు విన్నది. అది నేను చూసింది."

ఆ రోజు నుంచి ఆమె ఆకూవక్కలో సున్నం మానేసింది. సున్నం లేని ఆకుకు పసరు వాసన తప్ప రుచుండదు. కొన్నాళ్లకు ఆకే మానేసింది. డాక్టరు చెప్పినట్టే ఎండాకాలానికి కుడి కన్నూ పోయింది. ఆమె చివరగా బాగా చూసిన వస్తువు ఆ గాజుపలక మీది ఆకే.

ఏడు తిరిగింది. యుద్ధం అయిపోయింది, బొగ్గు బస్సు పోలేదు. మళ్లీ మార్గశిరం వచ్చింది. బక్కయ్య నెలరోజులు నసిగి, ఒకనాడు అన్నాడు.

"రోశీ, ఇంకొక్కసారి పెడదామే. సీసాలో తెస్తా, గుంట నీళ్లే. నీకు కనపడదు, నేను చూసి చెప్తా. దానంతటదే ఆగుద్ది. ఎవురూ ఏం చేయకండా. నువ్వు పక్కన కూచో, చాలు."

రోశమ్మ నాలుగు రోజులకు సరేనంది.

ఆదివారం శివరామయ్య ఊళ్లో లేడు. తాళంచెవి బక్కయ్య మొలతాడుకే ఉంది. భార్యను బెంచీ మీద కూచోబెట్టి, ఆకు తుంచి, ఎండ చూపించి, గొట్టం కింద పెట్టాడు.

"తిరుగుతన్నయ్యే."

"అట్నా."

"గోడవారన పోతన్నయి. మూల దగ్గర తిరిగినయి. ఒకటి కాస్త పెద్దది, దాని వెనక మూడు చిన్నయి."

రోశమ్మ ఒళ్లో చేతులు పెట్టుకుని, తల కొంచెం వంచి వింటోంది. గంట గడిచింది. గింజలు తిరుగుతూనే ఉన్నాయి. ఎప్పుడూ ఈపాటికి మందగించేవి. ఆ రోజు ఎండ బాగుందో, ఆకు లేతగా ఉందో. రెండు గంటలైంది. ఇన్నేళ్లలో, ఇవి ఆగకుండా ఉంటే బాగుండని ఎన్నిసార్లు అనుకున్నాడో. ఇప్పుడు ఆగమని బతిమాలుకుంటున్నాడు.

"ఏమయ్యా, ఆగినయ్యా?"

"తగ్గినయ్యే," అన్నాడు. తగ్గలేదు.

కిటికీ ఎండ బల్ల దిగి గోడెక్కుతోంది. బయట మౌలాలీ హారను కొట్టాడు. ఈ బస్సు పోతే మళ్లీ రేపే.

"ఆగినయ్యే," అన్నాడు బక్కయ్య.

"ఎవురన్నా ఏమన్నా చేశారా?"

"లేదు."

"నువ్వు ఏవన్నా వేశావా?"

"ఏం వేయలా."

"పిల్ల మీద ఒట్టా?"

గొట్టం కింద, పెద్ద గింజ మూల తిరిగింది. దాని వెనక మూడు చిన్నవి.

"తిరపతమ్మ మీద ఒట్టే."

రోశమ్మ బెంచీ పట్టుకుని లేచింది. "పద, మౌలాలీ తిట్టుకుంటాడు."

బక్కయ్య గాజుపలక తీశాడు. రేపు పొద్దున శివరామయ్య వచ్చి చూస్తే? గాజుబిళ్ల ఎత్తి, ఇంకా తిరుగుతున్న ఆకును బొటనవేలితో తుడిచేశాడు.

బస్సు దగ్గర పొయ్యి ఊదడానికి ఇంకాస్త సమయం పట్టింది. కిళ్లీ కొట్టు పక్కనే ఉంది. రోశమ్మ ఆ వాసన పట్టింది.

"ఏమయ్యా, ఒక ఆకు తెచ్చిపెట్టు."

"ఉత్తదేనా?"

"కాస్త సున్నం రాయించు. చానా రోజులైంది."

తెచ్చి చేతిలో పెట్టాడు. ఆమె మడిచి బుగ్గన పెట్టుకుని మెల్లగా నమిలింది. పిల్ల పోయిన ఈ ఏడేళ్లుగా లేని నిదానం ఆ ముఖంలో కనపడుతుంటే బక్కయ్య పక్కకు తిరిగి కూచున్నాడు. బొటనవేలికి ఆకు పసరు ఆరి, గీతల మధ్య పచ్చగా అంటుకుని ఉంది. పంచెకు రుద్దాడు. పోలేదు.

"మాట్లాడవేందయ్యా?"

"ఏం లేదే. దగ్గొస్తంది," అన్నాడు.